కిరీటం గెలిచిన అమ్మాయికి ఫోటోలు దిగడం తప్ప పనేముంటుంది?

ఎవరో రాసిన ఈ ప్రశ్న చదివి ఊరుకోలేకపోయాను. మా అక్క కూతురు రాష్ట్రస్థాయి అందాల పోటీలో గెలిచింది. అక్క బడిపంతులమ్మ, అడిగినప్పుడల్లా సెలవు దొరకదు. నాకు గుంటూరు బ్రాడీపేటలో జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. నా వేళలు నా చేతిలో ఉంటాయి కాబట్టి ఆ అమ్మాయికి తోడుగా వెళ్ళేది నేనే. దసరా వచ్చిన అక్టోబరు నెలంతా గుంటూరు, విజయవాడల మధ్య తిరగడంతోనే సరిపోయింది.

పని ఉంటుంది. కావలసినంత ఉంటుంది. కానీ పిలిచినవాళ్ళు దాన్ని ఆమె చేత చేయించరు, తెచ్చి వేదిక మీద నిలబెడతారంతే. నా బాధంతా అదే.

ఆ నెల ఎలా గడిచిందో చెబుతాను. అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసం కాబట్టి తెల్లవారుజామున బందరు రోడ్డులో నడక కార్యక్రమాలు. పది గంటలకు ఏదో ఒక దుకాణం ప్రారంభం. సాయంత్రం కాలేజీ వేడుకలు, దాండియాలు. ఒకరోజు మంగళగిరి చేనేత చీరల ప్రదర్శన. ఇది ఒక్కటే నాకు నచ్చింది, నిజాం అంచు చీరను ఎలా నిలబెట్టి చూపించాలో తెలిసినవాళ్ళు చేశారు. వీటన్నిటి మధ్య ఆ అమ్మాయికి బీ ఫార్మసీ పరీక్షలు. కారు కనకదుర్గమ్మ వారధి దాటుతుంటే పుస్తకం తెరిచేది, బెంజి సర్కిల్ రాగానే మూసేది. మూలా నక్షత్రం రోజున అయితే విజయవాడలో వాహనాలన్నీ మళ్ళించేస్తారు. ఆ రోజు కారు ఎక్కడో ఆపేసి, ఎత్తు చెప్పులు చేత్తో పట్టుకుని, జనంలో పడి నడిచింది.

కిరీటం పెట్టుకోవడం కూడా తేలిక కాదు. రెండు చివర్లా దువ్వెన పళ్ళు ఉంటాయి. జుట్టును చిన్న ముడిలా చుట్టి, ఆ ముడిలోకి పళ్ళు దించి, చుట్టూ స్లైడ్లు గుచ్చాలి. సాయంత్రానికి చెవుల వెనక ఎర్రటి చారలు పడేవి. భుజం మీది పట్టీకి పిన్నీసు పైనుంచి పెడితే చీర చిరుగుతుంది, లోపలి వైపు నుంచి జాకెట్టు కుట్టుకు పట్టించాలి. ఇవన్నీ చేయడానికి తలుపు వేసుకునే గది ఒక్కటి ఇమ్మంటే పిలిచినవాళ్ళు తెల్లమొహం వేసేవారు. సామాన్ల గదిలో, మెట్ల కింద, ఒకసారి జనరేటరు పక్కన చీర మార్చుకుంది. లక్షలు పోసి వేదిక కట్టినవాళ్ళకు ఆడపిల్లకు ఒక గది, ఒక అద్దం ఇవ్వాలని తోచకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "ఎంత ముట్టింది?" అని చుట్టాలు అడుగుతారు. చాలా చోట్ల శాలువా, జ్ఞాపిక, కారు ఖర్చు. అంతే.

అసలు చెప్పాలనుకున్నది రక్తదాన శిబిరం సంగతి. అక్టోబరు 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. విజయవాడలో ఒక సంస్థ వాళ్ళు కాలేజీ పిల్లలను పోగు చేసి ఒక కల్యాణ మండపంలో శిబిరం పెట్టి, మా అమ్మాయిని అతిథిగా పిలిచారు. రిబ్బను కత్తిరించాక నిర్వాహకుడు వచ్చి, "మీరు నిజంగా ఇవ్వక్కర్లేదమ్మా. మంచం మీద పడుకోండి, చేతికి టేపు అంటిస్తాము, ఫోటో తీసుకుంటాము" అన్నాడు.

"నేను ఇవ్వడానికే వచ్చాను సర్" అంది.

పద్దెనిమిదేళ్ళు దాటాయి, బరువు 45 కిలోలకు పైనే ఉంది. ఇక చూడవలసింది హిమోగ్లోబిన్. ల్యాబ్ టెక్నీషియన్, నాకంటే పెద్దావిడ, వేలి కొస మీద సూదితో పొడిచి, ఒక్క చుక్క రక్తాన్ని సన్న గొట్టంతో తీసింది. బల్ల మీద గాజు పాత్రలో నీలిరంగు ద్రావణం ఉంది. మైలుతుత్తం కలిపిన నీళ్ళు, మన రైతులు తెగుళ్ళకు చల్లే బోర్డో మిశ్రమానికి వాడే మైలుతుత్తమే. రక్తం తగినంత చిక్కగా ఉంటే చుక్క నేరుగా అడుక్కి దిగుతుంది. మా అమ్మాయి చుక్క కొంచెం దిగి, ఆగి, మెల్లగా పైకి తేలింది. ఆవిడ మాట్లాడకుండా మళ్ళీ యంత్రంతో చూసింది. 11.4 వచ్చింది. రక్తం ఇవ్వాలంటే డెసిలీటరుకు కనీసం 12.5 గ్రాములు ఉండాలి. ఆడవాళ్ళకు పన్నెండు కంటే తగ్గితే అది రక్తహీనతే.

"నువ్వు ఇవ్వడం కుదరదమ్మా. ముందు నీకు పట్టాలి రక్తం" అంది ఆవిడ.

నిర్వాహకుడు మాత్రం, "ఏం ఫర్వాలేదు, ఫోటోకి పడుకోండి" అంటూనే ఉన్నాడు. ఈ పిల్ల పడుకోలేదు. నేరుగా వెళ్ళి మైకు అందుకుంది. "నేను రక్తం ఇద్దామని వచ్చాను. ఇవ్వలేనని ఇప్పుడే చెప్పారు. నా తల మీద కిరీటం ఉంది, ఒంట్లో రక్తం లేదు. పోటీకి సన్నబడాలని తిండి మానేశాను. మీలో ఎంతమందికి మీ సంఖ్య తెలుసు? రక్తం ఇవ్వకపోయినా సరే, వచ్చి చూపించుకోండి" అంది. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

అంతవరకు కుర్చీల్లో ఫోన్లు చూసుకుంటున్న ఆడపిల్లలు లేచి వరుస కట్టారు. ఆ బల్ల దగ్గరే నిలబడి చూశాను. ఒక్కో చుక్క పడుతుంటే పిల్లలు మెడలు చాచి, మునుగుతుందా తేలుతుందా అని చూస్తున్నారు. చాలామందివి తేలాయి. మంచి బట్టలు కట్టుకుని, టిఫిన్ తిని వచ్చిన పిల్లలవే తేలాయి. ఆశ్చర్యం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటా 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనులే అని తేలింది. మన రాష్ట్రం ఏమీ మినహాయింపు కాదు. గోంగూర తింటున్నాము కదా అని గుంటూరువాళ్ళం ధైర్యంగా ఉంటాము. ఆకుకూరల్లో ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. పైగా తిన్న వెంటనే టీ తాగితే పట్టేది ఇంకా తగ్గిపోతుంది. ఇది మా అమ్మాయి తన పుస్తకంలోంచి చూపించింది.

ఏ ఆరోగ్య శాఖ గోడ పత్రిక కన్నా ఆ రెండు నిమిషాల మాట ఎక్కువ పని చేసిందని నేను ఖాయంగా చెప్పగలను. కానీ నిర్వాహకుడి ముఖం మాడిపోయింది. "శిబిరం పరువు తీశారు" అన్నాడు. మమ్మల్ని దింపవలసిన కారు రాలేదు. ఆటోలో బస్టాండుకు వెళ్ళి గుంటూరు బస్సు ఎక్కాము. దారి పొడుగునా కిరీటం పెట్టె ఒళ్ళో పెట్టుకుని, "పిన్నీ, తప్పు మాట్లాడానా?" అని అడుగుతూనే ఉంది. "కిరీటం వచ్చాక నువ్వు చేసిన పని అదొక్కటే తల్లీ" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మా చుట్టాల్లో కొందరు, "మన వైపు ఆడపిల్లలకు ఈ పోటీలెందుకు, చదువు పాడవుతుంది" అంటారు. 1966లో ప్రపంచ సుందరి అయిన రీటా ఫారియా అప్పటికి వైద్య విద్యార్థిని. కిరీటం వచ్చాక మళ్ళీ చదువుకే వెళ్ళి డాక్టరు అయింది. మన తెనాలిలో పుట్టిన శోభితా ధూళిపాళ 2013లో మిస్ ఇండియా ఎర్త్ అయింది, ఆ తర్వాత నటిగా తన కాళ్ళ మీద తాను నిలబడింది. చదువు పాడయ్యేది కిరీటం వల్ల కాదు, పది గంటలకు రమ్మని చెప్పి ముఖ్య అతిథి కోసం మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేవాళ్ళ వల్ల. రాజకీయ నాయకుడి ఆలస్యానికి పరీక్ష ఉన్న పిల్ల ఎందుకు బలి కావాలి? ఒక దుకాణం ప్రారంభంలో అలా కూర్చోబెట్టి, చివరకు సమయం లేదని ఆమెను మాట్లాడనివ్వనే లేదు. ముందు రోజు రాత్రి కూర్చుని రాసుకున్న కాగితం సంచిలోనే ఉండిపోయింది.

ఆ శిబిరం తర్వాత మా అమ్మాయి ఒక నియమం పెట్టుకుంది. ఏ కాలేజీ పిలిచినా, వేదిక పక్కన హిమోగ్లోబిన్ పరీక్ష బల్ల వేయిస్తారా, ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారా అని ముందే అడుగుతుంది. గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు, నర్సును కూడా వాళ్ళే పిలిపించారు. విజయవాడలో ఒకరు, "పండుగ వాతావరణంలో రక్తం, సూదులు బాగుండవు" అన్నారు. అక్కడికి వెళ్ళలేదు. తను కూడా డాక్టరమ్మ రాసిన ఇనుము మాత్రలు వేసుకుంటోంది, టీ మాత్రం భోజనానికి గంట దూరంలో తాగుతోంది. మొన్న చూపిస్తే 12.1 వచ్చింది.