హోటల్ లోపలి అలంకరణలో స్థానిక సంప్రదాయం

ప్రశ్న: కొత్తగా కడుతున్న విలాసవంతమైన హోటల్ లోపలి భాగాన్ని స్థానిక సంప్రదాయం ప్రేరణగా తీర్చిదిద్దాలనుకుంటున్నాను. అది మ్యూజియంలా కనిపించకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: పాత వస్తువులను కొని తెచ్చి లాబీ నిండా అమర్చే ముందు, ఆ ప్రాంతపు ఇళ్లలోకి వెలుతురు ఎలా వస్తుందో, నేల పాదాలకు ఎలా తగులుతుందో, గది నుంచి గదికి నడక ఎలా సాగుతుందో ఓపికగా గమనించండి. 2014లో టోక్యోలో ప్రారంభమైన అమన్ హోటల్ ఇందుకు చక్కని ఉదాహరణ. కెర్రీ హిల్ అనే భవన రూపకల్పన సంస్థ అక్కడి ఎత్తైన లాబీ పైకప్పును, వాషీ అనే జపాన్ కాగితంతో, లోపలి నుంచి వెలిగే పెద్ద లాంతరులా రూపొందించింది. జపాన్ ఇళ్లలోని షోజీ అనే, కాగితం అతికించిన చెక్క చట్రాల తలుపుల గుండా వడకట్టినట్టు వచ్చే మెత్తని వెలుతురును అది గుర్తుకు తెస్తుంది. ఆ సంయమనం నాకెంతో ఇష్టం.

కాగితం, కలప, నేత బట్ట వాడేటప్పుడు అగ్నిమాపక నిబంధనలను నమూనా దశలోనే చూసుకోవాలి. చేతివృత్తులవారిని చివర్లో నాలుగు బొమ్మల కోసం పిలవకండి. మొదటి నుంచీ వారిని సంప్రదించి, ఒక గదిని పూర్తిగా తయారు చేయించి, కొన్ని రాత్రులు అందులో బస చేసి చూసిన తరువాతే మిగిలిన గదుల పని మొదలుపెట్టండి.