వడియాల గుడ్డ మీది ఇత్తడి గుండు

ప్రశ్న: మా నాన్నగారు సముద్ర శాస్త్రవేత్త. అరవైల్లో ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్నారు, తర్వాత సర్వీసంతా కొన్నాళ్ళు ఓడ మీద, కొన్నాళ్ళు విశాఖలో. పోయినేడాది కాలం చేశారు. వచ్చే నెల సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి చిన్న పుస్తకం వేద్దామనుకుని, రాసే పని నాకు అప్పగించారు. మావయ్యేమో “బావగారు ఎంత పెద్ద సైంటిస్టో జనానికి తెలియాలి, పేపర్లు, పదవులు అన్నీ వరసగా వేసెయ్” అంటాడు. అమ్మ “ఆ లిస్టు ఎవరు చదువుతారే, ఇంట్లో ఎలా ఉండేవారో రాయి” అంటుంది, వెంటనే తనే “ఇంట్లో ఉంటే కదా” అని దెప్పుతుంది. నిజానికి మేమంటే ఆయనకి ప్రాణం. నాకు జ్వరం వస్తే మూడు గంటలకోసారి థర్మామీటర్ పెట్టి గ్రాఫ్ కాయితం మీద గీసేవారు. సముద్రం అడుగున ఆంధ్రా అనే లోయ ఉందనేవారు, అది మమ్మల్ని నిద్రపుచ్చడానికి చెప్పిన కథేమో తెలియదు. ఆయన తెచ్చిన ఒక ఇత్తడి గుండు ఫొటో పంపుతున్నాను. డాబా మీద వడియాలు పెట్టినప్పుడు గుడ్డ ఎగిరిపోకుండా అమ్మ దాన్ని మూలన పెడుతుంది. అదేమిటో చెప్పగలరా? ఇంకా రెండు ట్రంకుపెట్టెల నోటుపుస్తకాలున్నాయి, తమ్ముడు పాత పేపర్లవాడికి వేసేద్దామంటున్నాడు.

– ఒక కూతురు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు గుండు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీ పుస్తకం అక్కణ్ణించే మొదలవ్వాలని నా అభిప్రాయం.

దాన్ని మెసెంజర్ అంటారమ్మా. ఫొటోలో పక్కన ఒక గాడి కనబడుతోంది చూడండి, తీగ పట్టేది అందులోనే. ఆ రోజుల్లో సముద్రం లోతుల్లో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో కొలవాలంటే ఓడ మీంచి ఉక్కు తీగ దింపేవారు, దానికి నాన్సెన్ బాటిళ్ళు, అంటే లోతులోని నీటిని పట్టి తెచ్చే లోహపు గొట్టాలు, వరసగా కట్టి ఉండేవి. అన్నీ దిగాక పైనుంచి ఈ గుండుని తీగకి తగిలించి వదిలితే అది జారుకుంటూ పోయి మొదటి బాటిల్‌ని తడుతుంది, బాటిల్ తలకిందులై మూత పడుతుంది, దాని కింద వేలాడే ఇంకో గుండు విడిపోయి తర్వాతి బాటిల్ దగ్గరికి పోతుంది, అలా చివరిదాకా. తగిలిందో లేదో తెలియడానికి తీగ మీద చెయ్యి వేసి ఉంచేవారు, ‘టక్’మని చేతికి తెలుస్తుంది.

బాటిల్ తిరగబడిందంటే దానికున్న థర్మామీటర్ కూడా తిరగబడినట్టే. అప్పుడు పాదరసం సన్నటి మెడ దగ్గర తెగిపోతుంది. మామూలు థర్మామీటరైతే పైనున్న వెచ్చటి నీళ్ళలోంచి వచ్చేసరికి అంకె మారిపోతుంది, ఇందులో మాత్రం లోతులో ఎంత ఉందో అది దాదాపు అలాగే నిలిచిపోతుంది, పైకి లాగాక తీరిగ్గా చదువుకోవచ్చు, చిన్న చిన్న దిద్దుబాట్లు చేసుకుంటే సరి. ఒకే చోట గంటల తరబడి మళ్ళీ మళ్ళీ కొలవడమూ వాళ్ళకి మామూలే. ఇప్పుడు మీ జ్వరం గ్రాఫ్ గుర్తు తెచ్చుకోండి. ఆయన కంగారుపడినప్పుడు చేతికి వచ్చిన పనే చేశారు! దీన్ని మీరు సైన్సు కింద రాస్తారా, ఇంటి సంగతి కింద రాస్తారా? అందుకే రెండింటికీ వేరు వేరు పేజీలు పెట్టకండి.

ఆంధ్రా లోయ కథ కాదు, నిజంగానే ఉంది. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వాల్తేరు వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో సముద్రశాస్త్రం నేర్పారు. నౌకాదళం వాళ్ళ మైన్‌స్వీపర్ (సముద్రంలోని మందుపాతరలు ఏరివేసే) ఓడల మీద ఇక్కడి కుర్రాళ్ళని తీసుకెళ్ళి ఇవే కొలతలు తీయించేవారు. తర్వాత ఆయనే మన తూర్పు తీరానికి ఆవల సముద్రగర్భంలోని మూడు లోయలకి ఆంధ్రా, కృష్ణా, మహదేవన్ అని పేర్లు పెట్టారు. ఈ మహదేవన్ గారు యూనివర్సిటీలో జియాలజీ ప్రొఫెసర్. మీ నాన్నగారు చదివిన రోజులని బట్టి చూస్తే లాఫాండ్ గారి శిష్యులకి శిష్యులై ఉండాలి, ఆయన సహాధ్యాయులు ఎవరైనా ఉంటే అడిగి రూఢి చేసుకుని రాయండి.

ఇక ఆయన చేసిన పని ఏమిటో వచ్చినవాళ్ళకి అర్థమయ్యేలా ఒక్క విషయం చెబితే చాలు. ఎండలు ముదురుతున్న మార్చిలో మన తీరం దగ్గర నీళ్ళు ఉన్నట్టుండి చల్లబడుతుంటాయి. నైరుతి నుంచి తీరం వెంబడి గాలి వీచినప్పుడు, భూమి తిరుగుతుండటం వల్ల పైనీరు గాలి వాటానికి కుడిపక్కకి, అంటే మన దగ్గర లోపలి సముద్రం వైపుకి జరుగుతుంది, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. దాన్నే అప్‌వెల్లింగ్ అంటారు. ఆ నీటితో పోషకాలు పైకొస్తాయి, వాటితో నాచు పెరుగుతుంది, దాని వెనక చేపలు. ట్రంకుపెట్టెల్లోని నోటుపుస్తకాల్లో మార్చి నెల కొలతలుంటే ఒక పేజీ ఫొటో తీసి దీని పక్కనే వెయ్యండి, ఫిషింగ్ హార్బర్‌కి రోజూ వెళ్ళేవాళ్ళు కూడా ఆగి చదువుతారు. మావయ్యగారి లిస్టు మానొద్దు, చివరి అట్ట లోపలివైపు చిన్న అక్షరాల్లో వెయ్యండి, ఆయన్ని నొప్పించడం దేనికి.

అమ్మగారి దెప్పు ఉంది చూశారూ, దాన్ని మాత్రం దిద్దకుండా, ఆవిడ మాటల్లోనే వెయ్యండి. ఇలాంటి పుస్తకాల్లో పోయినవాళ్ళందరూ దేవుళ్ళే, చదువుతుంటే ఆవలింతలొస్తాయి. ఓడ ఎక్కితే వారాల తరబడి ఇంటి కబురు ఉండని రోజులవి. ఆయన గ్రాఫ్ గీసింది నిజమే, కానీ ఆయన లేనప్పుడు మీకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది ఎవరు? అమ్మని కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి. నా అనుభవంలో మొదటి పావుగంట ఫిర్యాదులే వస్తాయి, ఓపిక పట్టండి.

నోటుపుస్తకాలు తూకానికి వేశారంటే మాత్రం నేనొచ్చి మీ తమ్ముడితో పోట్లాడతాను. తేదీ, చోటు, లోతు, ఉష్ణోగ్రత రాసి ఉన్న పాత కొలతలు ఇవాళ చాలా విలువైనవి, సముద్రం ఎంత వేడెక్కిందో చెప్పాలంటే అప్పుడెంత ఉండేదో తెలియాలి కదా. అప్పటికే ప్రచురించినవి కొన్ని ఉండొచ్చు, అది మీరు తేల్చలేరు, ఆ రంగంవాళ్ళు తేలుస్తారు. ముందు ఫోన్‌తోనైనా పేజీ పేజీ ఫొటోలు తీసుకోండి, ఆ తర్వాత యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో గానీ, విశాఖలోనే ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గానీ కనుక్కుని అప్పగించండి. మార్జిన్లలో మీ స్కూలు ఫీజు లెక్కలు ఉన్నా చెరపకండి.

గుండు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ఈ వేసవికి అమ్మ మళ్ళీ వడియాలు పెడుతుంది, మన డాబాల మీద గాలి సంగతి మీకు తెలిసిందేగా.