లామోట్రిజిన్ రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, ఇది మామూలేనా?

మీ తమ్ముడికి ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ నడుస్తుండగా కొత్తగా లామోట్రిజిన్ కలిపారు, 25 మిల్లీగ్రాముల మాత్ర రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, ఇంత తక్కువైతే ఏం పనిచేస్తుంది అని అడిగారు. మామూలేనండీ. డాక్టరు తప్ప ఇంకెవరు చెప్పినా దాన్ని మార్చకండి.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా మరిదికి అచ్చం ఇదే చీటీ రాశారు. మందుల షాపు కుర్రాడు చూసి, "ఫిట్స్ మందు రోజు విడిచి రోజేమిటండీ, రోజూ వేసుకోవాలి" అని కవరు మీద అలాగే రాసిచ్చేశాడు. అనుమానం ఉంటే డాక్టరుకి ఫోన్ చేయాలి గానీ సొంత వైద్యమేమిటి? మా వైపు కౌంటర్ వెనకాల నిలబడ్డ ప్రతివాడూ డాక్టరే.

మూడో వారంలో ఛాతీ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. మా అత్తయ్య చూసి "అమ్మవారు పోసింది" అని తేల్చేశారు. మంచం చుట్టూ వేపమండలు పెట్టి, మందులన్నీ బంద్ చేయమన్నారు. ఎండాకాలం కావడంతో వీధంతా నమ్మింది. నాకే అనుమానం. నీటిపొక్కు ఒక్కటీ లేదు. పెదవి లోపల పుండు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోటో తీసి డాక్టరుగారికి వాట్సాప్ చేస్తే, "కొత్తది ఆపేయండి, పాతది ఆపొద్దు, వెంటనే విశాఖ బయల్దేరండి" అన్నారు. అత్తయ్య చెప్పినట్టు అన్నీ మానేసి ఉంటే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడేవి. పాత మందు ఉన్నపళంగా ఆపితే అదే ప్రమాదం.

వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళ ఒంట్లోంచి లామోట్రిజిన్ తొందరగా పోదు, రక్తంలో పేరుకుంటుంది. అందుకే మామూలు డోసులో సగంతో మొదలుపెడతారు. గబగబా పెంచితే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అరుదే గానీ ఒంటి చర్మం పొరలుగా ఊడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కువగా మొదటి 8 వారాల్లోనే వస్తుంది. మా మరిది గట్టెక్కాడు, ఆ మాత్ర మళ్ళీ ఇవ్వలేదు.

ఇంకోటి. మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు పనికోసం చెన్నై, హైదరాబాద్ పోతుంటారు, చీటీ ఇంట్లో ఉండిపోతుంది. వరసగా కొన్ని రోజులు లామోట్రిజిన్ మానేస్తే, ఆపిన డోసుతో మొదలుపెట్టకూడదు. డాక్టరుని అడిగితే చాలాసార్లు మళ్ళీ మొదటి చిన్న డోసు నుంచే రమ్మంటారు. మీ తమ్ముడి ఫోనులో చీటీ ఫోటో ఉంచండి. కాలెండర్‌లో వేసుకునే తేదీలకి సున్నాలు చుట్టండి, షాపువాడి కవరు రాతని మాత్రం నమ్మకండి.