బరువు తగ్గాలనుకుంటే ముందు పస్తులు మానెయ్

చి. చిన్నాకి, అత్త దీవెనలు.

రాత్రి అన్నం మానేసి నిమ్మకాయ నీళ్ళతో గడుపుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు అది ఆపు నాన్నా. విజయనగరంలో నర్సుగా చేసినన్నాళ్ళూ పస్తులుండి సన్నబడి, అలాగే నిలబడ్డవాళ్ళని చాలా తక్కువ చూశాను.

ఆకలిని నడిపేది మెదడు. దాని అడుగున హైపోథాలమస్ అని బాదంగింజంత భాగం ఉంటుంది. ఒంట్లో కొవ్వు ఎంతుందో లెప్టిన్ అనే హార్మోన్ ద్వారా కొవ్వు కణాలే దానికి కబురు పంపుతాయి. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఈ సంగతి బయటపెట్టింది. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే లెప్టిన్ పడిపోతుంది, మెదడు కరువొచ్చిందనుకుంటుంది. ఆకలి పెంచి, ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిని తగ్గించేస్తుంది. అందుకే నాలుగు రోజులు కడుపు మాడ్చుకున్నవాళ్ళు ఐదో రోజు బిర్యానీ మీద పడతారు. వాళ్ళని నోరు కట్టుకోలేరని ఆడిపోసుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. లావుగా ఉన్నవాళ్ళలో లెప్టిన్ మామూలుగా ఎక్కువే ఉంటుంది, మెదడే ఆ కబురు సరిగా అందుకోదు.

నీ విషయంలో నాకు అసలు బెంగ పైడిభీమవరం నైట్ షిఫ్టు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది, అందులోనూ తీపి మీదకీ నూనె వంటల మీదకీ మనసు లాగుతుంది. తెల్లవారుజామున మూడింటికి క్యాంటీన్లో టీ, దాంతో రెండు బిస్కెట్లు, చేతికి తగిలితే ఇంకో నాలుగు. ఆ టైముకి నీకు కావలసింది నిద్ర, తింటున్నది బిస్కెట్లు. ఇంటి నుంచి ఉడికించిన గుడ్లో, ఉలవల గుగ్గిళ్ళో డబ్బాలో పెట్టుకెళ్ళు. ఇంటికొచ్చాక ఫోను పక్క గదిలో పెట్టి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, ఏడు గంటలు పడుకో. డైటింగ్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

ప్యాకెట్ తిండి ఇంట్లోకి రానివ్వకు. 2019లో అమెరికాలో 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట, కావలసినంత తినమని పెట్టారు. ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు రోజుకి 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, గబగబా కూడా తిన్నారు. కడుపు నిండిందని మెదడుకి తెలియడానికి కాస్త టైము పడుతుంది. కాబట్టి కంచంలో ముందు కూర, పప్పు నెమ్మదిగా నమిలి తిను, అన్నం తర్వాత కలుపుకో. పొద్దున్న చోడి అంబలి తాగితే పంచదార వెయ్యకు, మజ్జిగా ఉల్లిపాయా చాలు.

బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లూటైడ్ అనే మందు ఇంజక్షన్లు మెదడులో ఆకలి మీదే పనిచేస్తాయి, నిజమే. కానీ స్నేహితుడు తెచ్చిచ్చాడని వేసుకోకు, డాక్టరు చూసి రాస్తేనే.

నడుము టేపుతో కొలువు, మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. షుగర్, థైరాయిడ్ టెస్టులు చేయించు. పడుకుంటే గురక గట్టిగా వస్తోందని మీ అమ్మ అంది, డాక్టరుకి ఆ మాట మర్చిపోకుండా చెప్పు. రిపోర్టులు రాగానే నాకు వాట్సాప్‌లో పంపించు.

మీ అత్త