పాత వెనీర్లు తీయించుకునే ముందు

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

వచ్చే నెల విశాఖలో ముందుపళ్లకి అతికించిన నాలుగు వెనీర్లు, అదే ఆ పల్చటి పింగాణీ పొరలు, మార్పించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ జీతం డబ్బుతోనే అని విని మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు ఎక్స్‌రే తీయించు. చిగుళ్ల వాపు ఉంటే తగ్గించుకో. పళ్లు తెల్లబరచుకోవాలంటే అది ముందే చేయించుకుని, రెండు వారాలు ఆగి కొత్తవి పెట్టించుకో. పింగాణీ రంగు తర్వాత మారదు. ఇవన్నీ డాక్టరు ఎలాగూ చెబుతారు.

నా భయం వేరు. మీ పెద్దన్నయ్య పెళ్లి పది రోజులుందనగా నా వెనీర్ ఒకటి అంచు విరిగింది. బరంపురంలో ఒక క్లినిక్‌కి పరుగెత్తాను. "ఒక్కటి మారిస్తే రంగు కలవదు, ఆరింటికీ క్యాపులు వేసేద్దాం" అన్నారు. క్యాపంటే పన్నంతా కప్పే తొడుగు. ఎంత అరగదీస్తారని అడగలేదు. నా ధ్యాసంతా ఫొటోల మీదే. వెనీర్‌కి పన్ను ముందువైపు ఓ అర మిల్లీమీటరు తీస్తారు. క్యాపుకైతే చుట్టూ చెక్కేస్తారు. తాత్కాలిక క్యాపు ఊడిన రోజు అద్దంలో చూసుకుని ఏడ్చాను. నా పన్ను ఉండాల్సిన చోట సన్నటి మేకులాంటి ముక్క ఉంది. పెళ్లిలో నవ్వు బాగుందన్నారు. చలికాలం వచ్చేసరికి నూతి నీళ్లు పుక్కిలిస్తే ప్రాణం జివ్వుమనేది. రెండేళ్లలో రెండు రూట్ కెనాల్‌లు. ఒక పన్ను చిగుళ్ల దగ్గర విరిగితే పీకించుకున్నాను. అది వెనీర్ ఉన్న పన్ను కూడా కాదమ్మా, క్యాపు కోసం చెక్కించుకున్న పక్కనున్న మంచి పన్ను. మీ తాతయ్య ఎనభయ్యో ఏటా చెరకుగడ పళ్లతో చీల్చేవారు. ఆ పళ్లే నాకూ వచ్చాయి, చేజేతులా పోగొట్టుకున్నాను.

అందుకే అడుగు, సిగ్గుపడకు. పాత వెనీర్‌ని కోసి తీస్తారు. దాన్ని అతికించిన సిమెంటు పంటి రంగులోనే ఉంటుంది కాబట్టి తొందరపడితే ఎనామిల్, అంటే పంటి పైనున్న గట్టి పొర, కూడా లేచిపోతుంది. అది మళ్లీ పెరగదు. కొత్త వెనీర్ గట్టిగా పట్టేది కూడా ఎనామిల్ మీదే. కొన్నిచోట్ల లేజర్‌తో వదులు చేసి తీస్తారు, అది ఉందేమో కనుక్కో. కింద ఎంత ఎనామిల్ మిగిలిందో చూపించమను. విరిగిన పెచ్చు చిన్నదైతే కాంపోజిట్‌తో, అంటే పంటి రంగు ముద్దతో, సరిచేయొచ్చేమో అడుగు. నాలుగూ మార్చాలని ఎవరు చెప్పారు నీకు? క్యాపులంటే మాత్రం కుర్చీ దిగి వచ్చెయ్. కటక్‌లో ఎస్‌సీబీ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, నేనే తీసుకెళ్లి చూపిస్తాను.

ఇంకోటి. చిన్నప్పుడు నా పక్కన పడుకుని రాత్రంతా పళ్లు పటపటా కొరికేదానివి. నీ చెంప మీద చెయ్యి వేస్తే ఆగేది. ఆ అలవాటు ఇంకా ఉందేమో, డాక్టరుకి చెప్పి రాత్రి పళ్లకి పెట్టుకునే నైట్ గార్డు చేయించుకో.

తారీఖు ఖాయమయ్యాక చెప్పు. ముందురోజే వచ్చేస్తాను. నీ పని అయ్యేదాకా బయట బల్ల మీద కూర్చుంటాను.

నీ పెద్దమ్మ