డీబ్రీఫింగ్‌లో నోరు విప్పు

సునాబెడ, కోరాపుట్ జిల్లా

చి. శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి పైలట్ శిక్షణకి సెలక్ట్ అయ్యావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ అమ్మకి నిద్ర పట్టడం లేదట, ఆ సంగతి చివర్లో రాస్తాను. నేను ఎయిర్‌ఫోర్స్‌లో విమానం నడిపినవాణ్ణి కాను, ఇంజిన్ ఫిట్టర్‌ని. కానీ ఎక్కే ముందు, దిగిన వెంటనే పైలట్ల ముఖాలు దగ్గర్నుంచి చూసేది మేమే.

ఇది ఇంజిన్ల ఊరని నీకు తెలుసుగా. మిగ్-21 దగ్గర్నుంచి సుఖోయ్-30 దాకా ఇంజిన్లు ఇక్కడి హెచ్.ఏ.ఎల్. విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో తయారయ్యాయి. అందుకే ఎక్కడ ఏ విమానం కూలినా సెమిలిగుడ టీ కొట్టులో సాయంత్రానికల్లా తీర్పు వచ్చేస్తుంది: "మన ఇంజిన్ అయ్యుండదు, పైలటే ఏదో చేసుంటాడు." టీ తాగేవాళ్లు అక్కడితో ఆగిపోతే ఫర్వాలేదు. నువ్వు మాత్రం ఆగకు. చెయ్యి ఎందుకు తప్పిందో అడుగు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ల బీ-17 బాంబర్లు క్షేమంగా దిగి, రన్‌వే మీదే చక్రాలు ముడుచుకుని పొట్టమీద కూలబడేవి. పైలట్లు రెక్కల వెనకుండే ఫ్లాప్స్ ఎత్తబోయి చక్రాల స్విచ్ వేసేవారు. అందరూ పైలట్ తప్పిదం అన్నారు. 1943లో అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వవేత్త కాక్‌పిట్‌లో కూర్చుని చూస్తే, ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. యుద్ధం నుంచి అలిసిపోయి వచ్చినవాడికి తేడా ఎలా తెలుస్తుంది? చక్రాల స్విచ్‌కి చిన్న రబ్బరు చక్రం తగిలించాడు, చేత్తో తడిమితేనే తెలిసేలా. ఇప్పటికీ చాలా విమానాల్లో చక్రాలు దించే గేర్ లివర్ చివర చక్రం ఆకారమే ఉంటుంది.

నీ చెయ్యి కూడా ఎప్పుడో ఒకసారి తప్పు స్విచ్ మీదకి వెళ్తుంది. వెంటనే వెనక్కి తీసుకుంటావు, ఏమీ జరగదు, ఎవరూ చూడరు. అయినా దిగాక జరిగే సమీక్షలో, అదే డీబ్రీఫింగ్‌లో, చెప్పు. ఇన్‌స్ట్రక్టర్ చిరాకు పడతాడేమో, పక్కవాళ్లు నవ్వుతారేమో, పడనీ, నవ్వనీ. అదే స్విచ్ దగ్గర ఇంకో నలుగురి చేతులూ తడబడుతున్నాయేమో, నువ్వు చెప్తేగా బయటపడేది! ఎగిరే ముందు బ్రీఫింగ్‌లో హుషారుగా మాట్లాడి, డీబ్రీఫింగ్‌లో నేల చూపులు చూసే కుర్రాళ్లంటే నాకు మొదట్నుంచీ భయమే.

చెక్‌లిస్ట్ కంఠతా వచ్చినా పైకి చదువు. 1935లో బోయింగ్ మోడల్ 299ని పరీక్షించినవాళ్లు ఆరితేరిన పైలట్లే. నేలమీద కంట్రోల్స్ కదలకుండా పెట్టే లాక్ తియ్యడం మర్చిపోయి ఎగిరారు, విమానం లేచీ లేవగానే పడిపోయింది. పైలట్లు చెక్‌లిస్ట్ చేతబట్టడం ఆ తర్వాతే మామూలైంది. విమానం పరిస్థితి రాసి ఉండే ఫారం 700లో సంతకం కూడా విమానం చుట్టూ తిరిగి చూశాకే పెట్టు. విమానాన్ని అప్పగించే ఫిట్టర్‌తో రెండు మాటలు మాట్లాడు. ఇది మా వాళ్ల గొప్ప కోసం చెప్పడం లేదు. అడిగితే తప్ప కొన్ని సంగతులు మేం చెప్పం!

సాలూరు ఘాట్‌లో మంచు కమ్మితే బస్సు డ్రైవరు పక్కకి తీసి ఆపుకుంటాడు. నీకా వీలుండదు. మబ్బులో నేల కనపడకపోతే లోపలి చెవి అబద్ధం చెప్తుంది. విమానం మెల్లగా ఒక పక్కకి ఒరిగితే చెవిలోని ద్రవానికి తెలియదు, తిరిగి తిన్నగా పెట్టగానే రెండో పక్కకి ఒరిగినట్టనిపిస్తుంది. ఒంటిని నమ్మకు, మీటర్లని నమ్ము. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ఎక్కిన హెలికాప్టర్ కూలినప్పుడు విచారణలో తేలిందీ ఇదే: లోయలో అనుకోకుండా వాతావరణం మారి మబ్బుల్లోకి వెళ్లడం, దాంతో పైలట్‌కి దిక్కూ ఎత్తూ తెలియకపోవడం.

జలుబు చేస్తే డాక్టర్‌కి చెప్పు. నాలుగు రోజులు ఎగరనివ్వరని దాచేస్తారు చాలామంది. మూసుకుపోయిన చెవితో కిందకి దిగేటప్పుడు నొప్పి ప్రాణం తీస్తుంది. సొంతంగా వేసుకున్న జలుబు మాత్ర నిద్రమత్తు తెస్తుంది. ఇక ఎజెక్షన్, అంటే సీటుతో సహా విమానంలోంచి బయటపడే సంగతి. ఏ ఎత్తు కంటే కిందకి జారితే విమానాన్ని వదిలెయ్యాలో నేలమీద ఉన్నప్పుడే ఖాయం చేసుకో, పైకెళ్లాక బేరాలాడకు. విమానం పోతే ఇంకోటి వస్తుంది తల్లీ.

స్క్వాడ్రన్‌లో చేరాక రాత్రి ఫ్లయింగ్‌లు, హఠాత్తుగా వేరే బేస్‌కి పంపడాలు, పండక్కి సెలవు దొరక్కపోవడం మామూలే. వాటికి అలవాటు పడతావు. అలవాటు పడనిది మీ అమ్మ. రోజూ ఫోన్ చెయ్యి, కానీ ఇన్ని గంటలకి చేస్తానని మాత్రం మాటివ్వకు. వాతావరణం బాగోక నువ్వు ఎగరాల్సిన సార్టీ రెండు గంటలు వెనక్కి జరిగితే ఇక్కడ తను టీవీ ముందు స్క్రోలింగ్ చదువుతూ కూర్చుంటుంది, అక్కడ నీకేమో త్వరగా దిగిపోవాలన్న తొందర పుడుతుంది. ఆ తొందరతో కాక్‌పిట్ ఎక్కకు. "ఖాళీ అయ్యాక చేస్తానమ్మా" అను, చాలు. ఆమెకి నేను కూడా చెప్పి ఉంచుతాను.

ఇట్లు,
పెదనాన్న