పత్తికొండ దగ్గర మా పల్లెలో బ్రాడ్‌బ్యాండ్ ఉందా? ఒక సైట్ ఉందంటుంది, ఇంకోటి లేదంటుంది – సమాధానం

ఈ తికమక పిన్‌కోడ్ వల్లే. ఒక పిన్‌కోడ్ కింద చాలా ఊర్లుంటాయి, ఏ ఒక్కదానికి లైనున్నా సైట్ 'ఉంది' అని చూపించొచ్చు. పైగా మీది మజరా (పంచాయతీ ఊరికి అనుబంధంగా ఉండే చిన్న పల్లె) అని ప్రశ్నలో అన్నారు. పల్లెలకు నెట్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం భారత్‌నెట్ కింద ఫైబర్‌ను ముందు వేసింది గ్రామ పంచాయతీల దాకానే, అక్కడి నుంచి మీ ఊరికి ఎవరో ఒకరు లాగి ఉండాలి.

1. మొదట మీకు కేబుల్ టీవీ ఇచ్చే ఆయన్ను కలవండి. చాలామంది వదిలేసేది ఇదే. రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఇంటికి ఇచ్చేది లోకల్ కేబుల్ ఆపరేటర్లే. 'నెట్ వస్తుందా' అని అడిగితే 'వస్తుందిలే' అంటారు. ఇలా అడగండి:
– మా ఇంటికి దగ్గరి ఫైబర్ బాక్స్ ఏ స్తంభం మీద ఉంది?
– అందులో పోర్టు (వైరు తగిలించే చోటు) ఖాళీ ఉందా?
– అక్కడి నుంచి వైరు ఖర్చెవరిది?
బాక్స్ ఎదురుగా ఉన్నా పోర్టు ఖాళీ లేకపోతే కనెక్షన్ రాదు.

2. బీఎస్ఎన్ఎల్‌కైతే 'బుక్ మై ఫైబర్' సైట్‌లో మ్యాప్ మీద సరిగ్గా మీ ఇంటినే గుర్తించండి.

3. రెండూ కుదరకపోతే మిద్దెక్కి ఫోన్లో 5జీ వస్తుందేమో చూడండి. వస్తే ఎయిర్‌ఫైబర్ (వైరు లాగకుండా 5జీ సిగ్నల్‌తో ఇంటికిచ్చే నెట్) అడగొచ్చు.

మనిషి వచ్చి లైను చూసి వెళ్లేదాకా అడ్వాన్స్ మాత్రం కట్టకండి.